శిశు విద్యలో డిగ్రీ: రెండో సంవత్సరంలో ఆపేయాలనిపిస్తోంది

బొమ్మలపెట్టె
శిశు విద్యలో డిగ్రీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. ఇష్టపడి చేరిందే, ఎవరి బలవంతమూ లేదు. ఇప్పుడు మాత్రం ఆపేసి వేరే కోర్సు చూసుకుందామా అని రాత్రుళ్లు ఒకటే ఆలోచన.

మొదటి కారణం చుట్టాలు. కనబడ్డ ప్రతివాళ్లూ "పిల్లల్ని ఆడించడానికి కూడా డిగ్రీ కావాలా?" అంటారు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

రెండోది ఇంకా బాధగా ఉంది. ఈ సెమిస్టర్‌తో ప్రాక్టికమ్ మొదలైంది. వారానికి రెండు రోజులు ఒక ప్రీస్కూల్‌కి వెళ్లి, మూడు నాలుగేళ్ల పిల్లల గదిలో కూర్చుని అబ్జర్వేషన్ రికార్డు రాయాలి. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుని చూసి, రెండు పేజీలు రాసిచ్చాను. నిండా ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. అందులో నేను రాసిన ఒక వాక్యం: "పాప దిగులుగా ఉంది, తనను ఎవరూ ఆటలో చేర్చుకోవడం లేదని బాధపడుతోంది." పక్కన మేడమ్ రాసింది రెండే మాటలు: "ఏం చూశారు?" ఆ రెండు పేజీల్లో అదే ప్రశ్న ఏడు చోట్ల ఉంది. చూసిందే కదా రాశాను!

క్లాసులో పియాజే, వైగాట్‌స్కీ, ఎరిక్‌సన్ అని పిల్లల ఎదుగుదల మీద సిద్ధాంతాలు చెప్పినవాళ్ల పేర్ల మీద పేర్లు. పిల్లల గదిలోకి వెళ్తే ఒకడు జిగురు తీసి జుట్టుకి పట్టిస్తుంటాడు, ఇంకొకడు చెప్పు విసురుతాడు. ఈ రెండింటికీ ఉన్న లంకె నాకు దొరకడం లేదు. ఈ కోర్సు చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. చివరికి చేతికి ఏమైనా వస్తుందా?

గాలిపటం88
ఏడేనా? నా మొదటి రికార్డులో పదకొండు. కంగారు పడకు, మా బ్యాచ్‌లో మొదటిసారే బాగా రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

పాతపలక
చిన్నపిల్లల గదిలో పంతొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. ఆ మేడమ్ నీకు మంచే చేస్తోందమ్మా.

"దిగులుగా ఉంది" అన్నది నువ్వు చూసింది కాదు, చూశాక అనుకున్నది. కళ్లకి కనబడింది ఇలా ఉండి ఉంటుంది: పాప గోడ పక్కన నిలబడింది. రెండడుగుల దూరంలో ముగ్గురు పిల్లలు చెక్క దిమ్మలతో ఏదో కడుతున్నారు. పాప వాళ్ల చేతుల వైపు చూస్తోంది. మాట్లాడలేదు. నాలుగు నిమిషాల్లో ఒకసారి అర అడుగు ముందుకు జరిగింది. ఇలా రాశావనుకో, చదివినవాళ్లెవరైనా తమంతట తాము ఆలోచించుకోగలరు. "దిగులు" అనేసరికి ఆ ఆలోచనకి తలుపు వేసేసినట్టే. పాపకి ఆకలేసి ఉండొచ్చు, నిద్ర తీరకపోయి ఉండొచ్చు, లేదా ఆ ఆట ఎలా ఆడాలో నేర్చుకుంటూ ఉండొచ్చు.

ఈ మూడోది ఊరికే అనలేదు. మిల్‌డ్రెడ్ పార్టెన్ అని ఒకావిడ నర్సరీ పిల్లల ఆటని నిమిషం నిమిషం చొప్పున గమనించి 1932లో ఒక వర్గీకరణ ఇచ్చారు. ఏ ఆటా లేకుండా ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడటం, కలిసీ కలవనట్టు ఆడటం, పనులు పంచుకుని కలిసి ఆడటం. మొత్తం ఆరు. వాటిలో చూస్తూ నిలబడటం కూడా ఒకటి. చూసేవాళ్లు ఆటకి బయట ఉన్నట్టు మనకి కనిపిస్తుంది గానీ, వాళ్ల కళ్లు మాత్రం ఆటలోనే ఉంటాయి. ఈ సంగతి తెలియకపోతే నువ్వూ నేనూ ఏం చేస్తాం? జాలిపడి పాప చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ ముగ్గురి మధ్యలో కూర్చోబెడతాం. ఆ గదిలో నా మొదటి ఏడాదిలో నేనూ అలాగే చేశాను. ఒక బాబు అలా కూర్చోబెట్టగానే లేచి వెళ్లి టేబుల్ కింద దూరాడు. తర్వాత వారం రోజులు నేను దగ్గరికి వస్తుంటే చాలు, తప్పుకునేవాడు.

లెక్కలరాజు
నేను ఒప్పుకోను. మా చెల్లెలు ఏ డిగ్రీ లేకుండా పదేళ్లుగా డేకేర్ నడుపుతోంది. సాయంత్రం తల్లులొచ్చినా పిల్లలు దాని కొంగు వదలరు. పిల్లల మీద ప్రేమ, ఓర్పు ఉంటే చాలు. పియాజే పేరు తెలియనంత మాత్రాన అది ఎత్తుకున్న బిడ్డ ఏడుపు ఆపకుండా ఉంటుందా? బొమ్మలపెట్టె గారూ, డబ్బూ మూడేళ్లూ ఖర్చు పెట్టే ముందు ఆలోచించుకోండి.

నిద్రలేని_డేకేర్
లెక్కలరాజు గారూ, మీ చెల్లెలిలాగే నేనూ ఆరేళ్లు డిగ్రీ లేకుండా పని చేశాను. ఆ తర్వాత చేరి చదివాను. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

డిగ్రీ లేనప్పుడు మా గదిలో రెండున్నరేళ్ల బాబు ఒకడు కొరికేవాడు. తోటి పిల్లల భుజం మీద, చేతి మీద పళ్ల గుర్తులు పడేవి. నేను ప్రేమగానే ఉన్నాను. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను, బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి వాడి అమ్మానాన్నలు తల దించుకుని పిల్లాణ్ణి మాన్పించేశారు. ఆ తల్లి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

చదువుకున్నాక ఇంకో గదిలో మళ్లీ ఇలాంటి పాపే వచ్చింది. ఈసారి ఒక పట్టిక గీసి అల్మారా తలుపుకి అంటించాను. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. నాలుగే గడులు. కొరికిన ప్రతిసారీ ఒక వరుస నింపాలి. రెండు వారాల్లో పద్నాలుగు వరుసలు వచ్చాయి. వాటిలో పదకొండు ఒకే సమయంలో: ఆట ఆపి బొమ్మలు సర్దమని మేము చప్పట్లు కొట్టాక ఐదు నిమిషాల లోపు. అందరూ ఒకేసారి లేచి ఒకే అల్మారా దగ్గరికి తోసుకుంటూ వచ్చేవాళ్లు. పాప మధ్యలో ఇరుక్కునేది, తనకేమో ఇంకా మాటలు సరిగా రావు. మేం చేసిందల్లా బొమ్మల్ని రెండు చోట్ల సర్దేలా మార్చడం, పాపకి రెండు నిమిషాల ముందే చెప్పి ఒక బుట్ట చేతికివ్వడం. నెల తిరిగేసరికి పట్టిక ఖాళీగా ఉంది.

మొదటి బాబు మీద నాకు ప్రేమ తక్కువేం లేదు. పట్టికే లేదు.

గాలిపటం88
ఈ పోస్టు సేవ్ చేసుకుంటున్నా. దీన్నే ఈవెంట్ శాంప్లింగ్ అంటారని రేపు పరీక్షలో రాస్తా.

లెక్కలరాజు
బాగా చెప్పారమ్మా, కాదనను. కానీ నాలుగు గడుల పట్టిక గీయడానికి మూడేళ్లు ఎందుకు? రెండు రోజుల ట్రైనింగ్‌లో నేర్పలేరా?

నిద్రలేని_డేకేర్
గీయడం రెండు గంటల్లో నేర్పొచ్చు. కానీ "ముందు ఏం జరిగింది" అనే గడిలో ఏం రాయాలో తెలియాలంటే ఆ వయసులో మాట ఎంత వస్తుంది, కోపాన్ని ఆపుకునే శక్తి ఎంత ఉంటుంది, జనం మధ్య ఒళ్లు ఎలా బిగుసుకుంటుంది, ఇవన్నీ తెలిసి ఉండాలి. తెలియనివాళ్లు ఆ గడిలో "ఊరికే కొరికింది" అని రాస్తారు. ఆరేళ్లు నేను నోటితో చెప్పింది అదే.

ఇసుకగూడు
"పిల్లల్ని ఆడించడానికి చదువెందుకు" అన్న ప్రశ్న మీ చుట్టాలతో మొదలు కాలేదు. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, అంటే పిల్లల తోట. ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్థూపం (పొడవాటి గుండ్రటి దిమ్మ), ఇలాంటివి వరుసగా ఇచ్చి పిల్లల్ని ఆడించాలని, ఆడించేవాళ్లకి ముందుగా శిక్షణ ఉండాలని పట్టుబట్టాడు. ఆ శిక్షణకి అమ్మాయిల్ని తీసుకున్నాడు. 1851లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లని నిషేధించేసింది! మరుసటి ఏడాది ఆయన పోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. ఈ మధ్యకాలంలో ఆయన దగ్గర శిక్షణ పొందినవాళ్లు వేరే దేశాలకి ఆ పద్ధతిని తీసుకెళ్లారు. పిల్లల ఆటని చూసి ఒక ప్రభుత్వం భయపడిందంటే అదేమీ చిన్న విషయం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

మూడోబెంచీ
చరిత్ర బాగుంది గానీ బొమ్మలపెట్టె అడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పడం లేదు. సిద్ధాంతాలు. నాదీ అదే బాధ. 0 నుంచి 2 ఏళ్లు ఇది, 2 నుంచి 7 ఏళ్లు ఇది అని పట్టికలు బట్టీ పట్టి పరీక్షలో కక్కడమే. పిల్లల గదిలో ఒక్కరోజు కూడా పనికిరాలేదు. నా వరకు సిద్ధాంతాల పేపర్ తీసేసి ఆ గంటలు కూడా ప్రాక్టికమ్‌కి ఇచ్చేయాలి.

ఇసుకగూడు
మూడోబెంచీ, బట్టీ పడితే పనికిరాదు, నిజమే. ఒక పని చెయ్యి. ఐదేళ్ల లోపు పిల్లలు ఎవరైనా దగ్గరుంటే ఆరు గుండీలు ఒక వరుసలో, ఇంకో ఆరు దాని కింద సరిగ్గా ఎదురెదురుగా పేర్చు. రెండూ సమానమేనా అని అడుగు. అవునంటారు. తర్వాత కింది వరుసని నీ చేత్తో దూరం దూరంగా జరిపి మళ్లీ అడుగు. ఏమంటారో ఇక్కడ రాయి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

అమ్మ_మళ్ళీ_కాలేజీకి
నాకు 41. దూరవిద్యలో ఇదే డిగ్రీ చేస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను కాబట్టి నాకు అంతా తెలుసనుకుని చేరాను. మొదటి సెమిస్టర్‌లోనే తెలిసింది, నాకు తెలిసింది నా ఇద్దరు పిల్లలే అని.

దూరవిద్య అనుకునేవాళ్లకి ఒక్క మాట. ఫీజు కన్నా ముందు ప్రాక్టికమ్ గురించి అడగండి. ఎన్ని గంటలు, ఎక్కడ, సూపర్‌వైజర్ స్వయంగా వచ్చి చూస్తారా, రాసింది చదివి తిప్పి పంపుతారా? నేను మొదట చేరిన చోట సంతకం పెట్టిన కాగితం ఒకటి పంపిస్తే చాలన్నారు. ఎవరూ చూడరు, ఎవరూ చదవరు. ఒక ఏడాది అలా పోయింది. తర్వాత వేరే చోట మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండోది, ఆ డిగ్రీతో టీచరుగా తీసుకుంటారా లేదా అన్నది మీరుండే చోటి నిబంధనల్లో ముందే చూసుకోండి. కొన్నిచోట్ల డిగ్రీతో పాటు విడిగా లైసెన్సు కూడా ఉండాలి.

బొమ్మలపెట్టె, నీ రికార్డుని ఒకరు కూర్చుని చదివి ఏడు చోట్ల ప్రశ్న రాశారు. అది దొరక్క నేను ఏడాది పోగొట్టుకున్నాను.

బొమ్మలపెట్టె
అక్కా, ఇలా ఆలోచించలేదు. ఆ పేజీలు కోపంతో బ్యాగు అడుగున పడేశాను. ఇప్పుడే తీశాను.

రంగుల_పెన్సిల్
మా క్లాసులో నలభై మంది, అబ్బాయిని నేనొక్కణ్ణే. ప్రాక్టికమ్ మొదటి రోజు ఒక నాన్న నన్ను చూసి హెడ్ దగ్గరికి వెళ్లి ఏదో అడిగి వచ్చారు. ఏమడిగారో ఊహించగలను. బాధేసింది, కానీ ఆయన భయం ఆయనది. మా హెడ్ పెట్టిన నియమం నాకు నచ్చింది: మగా ఆడా తేడా లేకుండా ఏ పెద్దవాళ్లూ పిల్లలతో తలుపు వేసి ఒంటరిగా ఉండకూడదు. నియమం అందరికీ ఒకటే అయ్యేసరికి నా మీద ప్రత్యేకంగా చూపు లేకుండా పోయింది.

సిద్ధాంతం ఎక్కడ పనికొచ్చిందో నేనూ చెబుతా. ఉదయం అమ్మానాన్న వదిలి వెళ్లేటప్పుడు ఎవరెంత ఏడుస్తున్నారన్నదే చూసేవాణ్ణి. ఎక్కువ ఏడ్చినవాళ్లకి ఎక్కువ కష్టం అనుకునేవాణ్ణి. అటాచ్‌మెంట్ (పిల్లలకి అమ్మానాన్నతో ఉండే అనుబంధం) పాఠంలో మేరీ ఐన్స్‌వర్త్ ప్రయోగం వచ్చింది. ఏడాది వయసు పిల్లల్ని తల్లి కాసేపు వదిలి వెళ్లి మళ్లీ వస్తుంది. ఐన్స్‌వర్త్ ముఖ్యంగా చూసింది తల్లి వెళ్లినప్పుడు కాదు, తిరిగొచ్చినప్పుడు. అది చదివాక నేను సాయంత్రం గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టాను. ఉదయం గొంతు చించుకుని ఏడ్చే పాప అమ్మని చూడగానే పరుగెత్తి మెడ పట్టుకుని, నిమిషంలో నవ్వుతూ తన బొమ్మ చూపిస్తుంది. ఆ పాప గురించి నాకున్న దిగులు పోయింది. ఉదయం కిక్కురుమనని ఒక బాబు మాత్రం సాయంత్రం అమ్మ వచ్చినా తలెత్తడు. నేను పెద్ద పేర్లేవీ పెట్టలేదు, ఆ హక్కు నాకు లేదు. చూసింది చూసినట్టు రాసి మా టీచర్‌కి ఇచ్చాను. ఆవిడ వాళ్లమ్మతో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు.

పాతపలక
పేరు పెట్టకుండా రాసిచ్చావు చూడు తమ్ముడూ, అది చాలా మంచి పని. రెండో ఏడాది విద్యార్థులు పాఠంలో కొత్త మాట నేర్చుకున్న మర్నాడే దాన్ని ఎవరో ఒక పిల్లాడికి అంటించేస్తుంటారు. ఆ మాట ఆ కుటుంబం చెవిన పడితే తిరిగి తీసుకోలేం.

మూడోబెంచీ
గుండీల సంగతి. మా అక్క కూతురికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. ఎదురెదురుగా పేర్చినప్పుడు "రెండూ సమానం" అంది. కింది వరుస జరిపాక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "ఇవే ఎక్కువ" అంది. లెక్కపెట్టమన్నాను. రెండు వరుసలూ వేలు పెట్టి ఆరు, ఆరు అని లెక్కపెట్టింది. "మరి ఏవి ఎక్కువ?" "ఇవే!" మళ్లీ కింది వరుసే చూపించింది. నోరెళ్లబెట్టాను. పుస్తకంలో ఉన్నదే, కానీ మన కళ్ల ముందు అంటుంటే వేరేగా ఉంది.

ఇసుకగూడు
ఇప్పుడు రెండో భాగం. 1970ల్లో మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ పియాజే చేసిన ఇదే ప్రయోగాన్ని కొంచెం మార్చి చేశారు. గుండీల్ని పెద్దవాళ్లు జరపలేదు. ఒక అల్లరి టెడ్డీ బొమ్మ పెట్టెలోంచి దూకి వచ్చి వరుసని చెల్లాచెదురు చేసినట్టు ఆడించారు. అప్పుడు 4 నుంచి 6 ఏళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది "సమానమే" అన్నారు. ఎందుకంటావు? పెద్దవాళ్లు కావాలని జరిపి అదే ప్రశ్న రెండోసారి అడిగితే, ఏదో మారిందనే కదా అడుగుతున్నారు, జవాబు మార్చాలేమో అనుకుంటారు పిల్లలు. పియాజే చూసింది అబద్ధం కాదు. ప్రశ్న ఎవరు, ఎలా అడిగారన్నది కూడా జవాబులో కలిసిపోతుంది. క్లాసులో పిల్లలు చెప్పిన దాన్ని "రెండోసారి చెప్పు" అని టీచర్ అడగ్గానే సరైన జవాబు మార్చేసుకోవడం చూడలేదూ?

మూడోబెంచీ
చూశాను! నిన్ననే చూశాను. ఎరుపు అని సరిగ్గా చెప్పిన బాబుని "ఏంటీ?" అన్నాను వినబడక. వెంటనే "నీలం" అన్నాడు.

సాయంత్రం బొమ్మ కోతితో మళ్లీ గుండీలు పెడతా.

మూడోబెంచీ
"కోతి పాడు చేసింది. అన్నే ఉన్నాయి. కోతికి చెప్పు మామయ్యా, అల్లరి చెయ్యొద్దని." ఇదీ జవాబు. తర్వాత పది నిమిషాలు కోతికి నేను బుద్ధి చెబుతూ కూర్చోవాల్సి వచ్చింది.

ఇసుకగూడు
చాలా బాగుంది. కానీ ఒక్క పాపతో, అదీ రెండు రోజుల తేడాతో చేసిందాన్ని రుజువు అనుకోకు. మొన్న లెక్కపెట్టించావు కదా, అది కూడా పనిచేసి ఉండొచ్చు. రికార్డులో రాసేటప్పుడు ఆ సంగతీ రాయి.

లెక్కలరాజు
కొరికే పాప కథ మా చెల్లెలికి చదివి వినిపించాను. వెంటనే వెళ్లి నాలుగు గడుల పట్టిక గీసుకుంది. నా వాదన సగం పోయింది. మిగతా సగం ఇదిగో: జీతాల సంగతి ఎవరూ ఎత్తడం లేదేం? ఇదే డిగ్రీ కష్టంతో పెద్ద క్లాసుల టీచరైతే ఎక్కువ వస్తుంది. రెండో ఏడాది అమ్మాయికి ఇది చెప్పకపోతే తప్పు.

పాతపలక
తప్పే. చెప్పాలి. చాలా చోట్ల ప్రీస్కూల్ టీచర్‌కి పై తరగతుల టీచర్ కన్నా తక్కువ ఇస్తారు, గౌరవమూ తక్కువే. పంతొమ్మిదేళ్లలో రెండుసార్లు ఉద్యోగం మారింది అందుకే. నడుం నొప్పి, గొంతు పోవడం, ఏటా మొదటి నెలలో పిల్లలతో పాటు నాకూ జలుబు, ఇవీ ఉన్నాయి. పాప ఏడుపు వినలేనివాళ్లు, నేల మీద కూర్చోలేనివాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

గది ఒక్కటే దారి కూడా కాదు. నాతో చదివినవాళ్లలో ఒకరు ఆసుపత్రిలో పిల్లల వార్డులో ఆట ద్వారా భయం పోగొట్టే పని చేస్తున్నారు. ఒకరు ప్రత్యేక అవసరాలున్న పిల్లల వైపు పై చదువుకి వెళ్లారు. ఒకరు టీచర్లకి ట్రైనింగ్ ఇస్తున్నారు. నేను మాత్రం గది వదల్లేదు, వదలాలనీ లేదు.

అమ్మ_మళ్ళీ_కాలేజీకి
జీతం తక్కువ కాబట్టి చదవొద్దనడం కన్నా, చదివినవాళ్లకి జీతం ఎందుకు తక్కువో గట్టిగా అడగడం నయం కదా? అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మాకు పాఠంలో ఉంది. పేద కుటుంబాల పిల్లలు 123 మంది. 58 మందికి ప్రీస్కూల్, 65 మందికి లేదు. ఆ పిల్లలు 40 ఏళ్ల వాళ్లయ్యే వరకు వెంటబడి చూశారు. ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లలో చదువు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అక్కడ పాఠం చెప్పింది శిక్షణ ఉన్న టీచర్లు. వారం వారం ఇళ్లకి కూడా వెళ్లేవాళ్లు.

మూడోబెంచీ
అక్కా, 123 మందే. అదీ ఒకే ఊరు. దాన్ని పట్టుకుని ప్రీస్కూల్ పెట్టిన ప్రతిచోటా అలాగే జరుగుతుందంటే కుదరదు.

అమ్మ_మళ్ళీ_కాలేజీకి
అదే నేనూ అంటున్నాను. అలా జరగాలంటే టీచర్లు అలాంటివాళ్లు ఉండాలి, క్లాసులో పిల్లలు తక్కువ ఉండాలి, ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడే తీరిక ఉండాలి. రంగు గోడలు, జారుడు బల్ల పెట్టేసి ప్రీస్కూల్ అంటే రాదు.

గాలిపటం88
బొమ్మలపెట్టె ఎక్కడ? మనం ఇంత మాట్లాడుకున్నాక కోర్సు మానేసిందంటే ఊరుకోం.

బొమ్మలపెట్టె
ఉన్నాను. నిన్న, ఇవాళ ప్రాక్టికమ్. అదే పాపని మళ్లీ చూశాను. ఈసారి "దిగులు", "సంతోషం", "కోపం" అనే మాటలు రాయకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. చాలా కష్టం. చెయ్యి దానంతట అదే "పాపం" అని రాసేస్తుంది. నాలుగుసార్లు కొట్టేశాను. కొంత ఇక్కడ పెడుతున్నాను.

"10:05. పాప గోడకి ఆనుకుని నిలబడింది. ముగ్గురు పిల్లలు చెక్క దిమ్మలతో గోడ కడుతున్నారు. పాప కుడిచేతి బొటనవేలు నోట్లో ఉంది. ఇంకో చెయ్యి వీపు వెనక ఉంది. 10:07. ఒక దిమ్మ పడింది. పాప బొటనవేలు తీసింది, మళ్లీ పెట్టుకుంది. 10:09. అర అడుగు ముందుకు. 10:12. బాబు 'ఇప్పుడు పైన కప్పు' అన్నాడు. పాప వీపు వెనక నుంచి చెయ్యి ముందుకి తెచ్చింది. చేతిలో త్రికోణం దిమ్మ ఉంది. మాట్లాడకుండా గోడ పైన పెట్టింది. బాబు 'ఇంకోటి తే' అన్నాడు. పాప పెట్టె దగ్గరికి పరుగెత్తింది."

ఏడు నిమిషాలు ఆ త్రికోణాన్ని వెనక దాచుకుని నిలబడింది! కప్పు వంతు వచ్చేదాకా. మొదటి రోజు కూడా ఆ చెయ్యి వెనకే ఉందేమో, నాకు తెలియదు. నేను ముఖం ఒక్కటే చూశాను.

రాసి ఇస్తుంటే నా చేతులు వణికాయి. ఒక సంగతి మాత్రం తేలిపోయింది, మానను.

నిద్రలేని_డేకేర్
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అప్పుడు నువ్వు జాలిపడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఉంటే ఆ త్రికోణం కింద పడిపోయేది.

ఇసుకగూడు
1907 జనవరి 6న రోములో సాన్ లోరెంజో పేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి బాలల ఇల్లు తెరిచింది. ఆవిడ డాక్టర్. మూడేళ్ల పాప ఒకతె చెక్క దిమ్మ రంధ్రాల్లో స్థూపాలు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం చేస్తుంటే ఎన్నిసార్లు చేస్తుందో లెక్కపెడుతూ కూర్చుంది. పాపని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా పాప స్థూపాలు వదల్లేదు. మిగతా పిల్లల చేత పాట పాడించినా తలెత్తలేదు. ఆవిడ పద్ధతిలో నాకు నచ్చనివి ఉన్నాయి, అవి వేరే చర్చ. ఆ లెక్కపెడుతూ కూర్చోవడం మాత్రం నాకు చాలా ఇష్టం. నీ 10:05 నుంచి 10:12 చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

లెక్కలరాజు
అమ్మాయీ, బాగా రాశావు. చుట్టాలు మళ్లీ అడిగితే ఆ ఏడు నిమిషాలు చదివి వినిపించు.

పాతపలక
మేడమ్ ఏమన్నారో చెప్పనేలేదు?

బొమ్మలపెట్టె
ఇవాళే తిరిగొచ్చింది. ఎర్ర గీత ఒక్కటే ఉంది. "త్రికోణం ఏ చేత్తో పెట్టింది?" అని.

రంగుల_పెన్సిల్
కుడి చెయ్యి నోట్లో ఉందని రాశావు కదా, అయితే ఎడమ చెయ్యి. లేదా మధ్యలో చేతులు మార్చుకుందా?

బొమ్మలపెట్టె
అదే గుర్తు రావడం లేదు. రాయలేదు కదా. మంగళవారం మళ్లీ వెళ్తాను, ఈసారి గోడ వైపు కాకుండా పాప పక్క నుంచి కనబడే చోట కూర్చుంటాను.

గాలిపటం88
నా రికార్డు కూడా ఇక్కడ పెడితే చూస్తారా? పరీక్ష అయ్యాక పెడతా.

పాతపలక
పెట్టు. పిల్లల పేర్లు, బడి పేరు, ఫోటోలు ఏవీ వద్దు. వయసు ఏళ్లూ నెలల్లో రాయి, టైం రాయి.

మూడోబెంచీ
నాదీ ఉంది. కోతిది.

పాతపలక
కోతి పేరు పెట్టొచ్చు.